మాటలు లేకుండా దృశ్యాలతోనే మన ప్రాంతంపై లఘు డాక్యుమెంటరీ: ఎలా తీస్తే నిలుస్తుంది?

పెన్నాతీరం (నెల్లూరు) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల జీవనంపై పదిహేను నిమిషాలకు మించని ఒక ప్రయోగాత్మక డాక్యుమెంటరీ తీయాలని నేను, నా మిత్రులు కలిసి ఆలోచిస్తున్నాము. ఇందులో వ్యాఖ్యానం ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు, తెరపై వివరణలు పడవు, నేపథ్య సంగీతం కూడా వద్దనుకున్నాము. మనుషులు, వాళ్ల పని, ఆ పని జరిగే నేల, నీరు, ఎండ, ఇవే సినిమా మొత్తాన్ని నడిపించాలి.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెబుతాను. మన ప్రాంతంపై నేను చూసిన వీడియోలు చాలావరకు ఒకే మూసలో ఉన్నాయి. డ్రోన్ పైనుంచి మైపాడు తీరం కనిపిస్తుంది, తర్వాత తల్పగిరి రంగనాథస్వామి గాలిగోపురం, ఆ తర్వాత ఉదయగిరి కోట వస్తాయి, వాటన్నిటి మీదా ఒక గంభీరమైన గొంతు ఘనచరిత్ర గురించి మాట్లాడుతూనే ఉంటుంది. ఆ గొంతును ఆపేసి చూస్తే దృశ్యాలలో విషయమేదీ మిగలడం లేదు. అందుకే దృశ్యమే విషయాన్ని మోసేటట్టు ఒక్క సినిమా అయినా తీయాలన్న పట్టుదల కలిగింది.

మేము మొదట రాసుకున్న జాబితాలో అల్లూరు మండలం ఇసకపల్లి ఉప్పు కొఠార్లు (ఉప్పు పండించే మడులు), కావలి చుట్టుపక్కల వనామి రొయ్యల చెరువులు, కొండపి, టంగుటూరు వైపు పొగాకును వేడితో ఎండబెట్టే బ్యారన్లు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, మార్కాపురం పలకలు, వెంకటగిరి మగ్గాలు, పులికాట్ సరస్సు, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గరి రొట్టెల పండుగ ఉన్నాయి. ఇన్నిటిని ఒకే సినిమాలో పెట్టడం మంచిదా, లేక ఒకటి రెండింటికే కట్టుబడాలా? 2022 జిల్లాల విభజనలో వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి, కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లిన తర్వాత అసలు ప్రాంతం అంటే దేన్ని గీతగా పెట్టుకోవాలన్నది మా మరో సందేహం. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక్క మాట కూడా చెప్పకపోతే మన ప్రాంతాన్ని ఎన్నడూ చూడని ప్రేక్షకుడికి ఏమి అర్థమవుతుంది? ఈ తరహా సినిమాలు తీసినవారు, కూర్చినవారు, లేదా ఈ పనులతో దగ్గరి పరిచయం ఉన్నవారు తమ అభిప్రాయం వివరంగా రాయాలని కోరుతున్నాను.


కూర్పరి (సొంత ఊరు కావలి, ప్రస్తుతం హైదరాబాదు) సమాధానం

పెన్నాతీరం గారూ, నేను ఎడిటింగ్ పని చేస్తాను, కాబట్టి నా సమాధానం ఎడిటింగ్ టేబుల్ దగ్గరి నుంచే ఉంటుంది. మీ జాబితాలో ఎనిమిది విషయాలున్నాయి. పదిహేను నిమిషాలను వాటికి పంచితే ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా రావు. అంత తక్కువ సమయంలో ఏ పనీ మొదలై ముగియదు, అందమైన ముక్కలు మాత్రం దొరుకుతాయి. మీరు తప్పించుకోవాలనుకుంటున్న మూస కూడా సరిగ్గా అదే, కాకపోతే దాని మీది గొంతును మాత్రం తీసేసినట్టు అవుతుంది.

మాట లేని సినిమాలో ప్రేక్షకుడిని నడిపించేది పనిలో ఉండే వరుస అని నా అభిప్రాయం. ఉప్పునే తీసుకుందాము. సీజనుకు ముందు మడి అడుగును కాళ్లతో తొక్కి గట్టిపరుస్తారు. కొంతమంది వరుసగా నిలబడి, ఏమీ లేని బురదను అంత శ్రద్ధగా ఎందుకు తొక్కుతున్నారో మొదటి నిమిషంలో ప్రేక్షకుడికి తెలియదు. తర్వాత ఉప్పునీరు వస్తుంది, మడి నుంచి మడికి మారుతూ చిక్కబడుతుంది, నీటి మీద సన్నని పొర కడుతుంది. ఆ పైన పొడవాటి కర్రకు బిగించిన చెక్క పలకతో ఉప్పును గట్టు వైపు లాగుతున్నప్పుడు, ఆ పలక కింద మట్టి లేవకుండా తెల్లటి ఉప్పు మాత్రమే రావడం చూస్తే, తొలి నిమిషంలోని తొక్కుడుకు కారణం అర్థమవుతుంది. ప్రశ్న ఒక దృశ్యంలో పుట్టి, జవాబు కొన్ని నిమిషాల తర్వాత మరో దృశ్యంలో దొరికింది. వ్యాఖ్యానం చేసే పనిని ఇక్కడ ఆ రెండు దృశ్యాల మధ్య దూరం చేసింది. ఇలాంటి జతలు నాలుగైదు దొరికితే పదిహేను నిమిషాల సినిమా నిలబడుతుంది, అవి దొరకకపోతే ఎంత గొప్ప కెమెరా అయినా దాన్ని నిలబెట్టలేదు.

అందువల్ల చిత్రీకరణలో ఒక నియమం పెట్టుకోమని సలహా ఇస్తాను. చేసే మనిషి ఒక విడత పని పూర్తి చేసేవరకు షాట్ ఆపవద్దు. పలకను మడి మధ్య నుంచి గట్టు దాకా లాగి, నడుము నిలబెట్టి, తిరిగి మడిలోకి దిగేదాకా కెమెరా నడవాలి. ఆ నడుము నిలబెట్టుకునే క్షణం కత్తిరించిన షాట్లలో ఎన్నడూ దొరకదు, పనిలోని బరువు తెలిసేది మాత్రం అక్కడే. కెమెరాను పనిచేసేవారి నడుము ఎత్తులో స్టాండు మీద ఉంచండి. డ్రోన్ దృశ్యం ఒకటి ఉండాలనిపిస్తే ఉంచుకోండి, కానీ పై నుంచి చూస్తే కొఠార్లు రంగురంగుల గళ్లుగా కనిపించి మనిషి చుక్కయిపోతాడు కనుక దాన్ని సినిమా మొదట్లో మాత్రం పెట్టవద్దు.

సాంకేతికంగా మూడు జాగ్రత్తలు చెబుతాను. ఫ్రేము నిండా తెల్లటి ఉప్పు ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగులోకి దించేస్తుంది, కాబట్టి ఒక స్టాప్ దాకా, అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా, ఎక్స్‌పోజర్ పెంచుకోవాలి. పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే నీటిమీది ఆకాశపు ప్రతిబింబం తగ్గి మడి అడుగున గడ్డకడుతున్న ఉప్పు కనిపిస్తుంది, తీసేస్తే ఆకాశం తిరిగి వస్తుంది. ఏ షాటులో ఏది కావాలో ముందే తేల్చుకోండి. ట్యూబులైట్ల కింద తీసేవాటికి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకుంటే వెలుగు కొట్టుకోదు.

చప్పుళ్ల విషయంలో సందేహం అక్కరలేదు. మాట వద్దన్నంత మాత్రాన శబ్దం వద్దని కాదు. పలక మడిని ఒరుసుకునే శబ్దం దృశ్యంలో సగం. మైకుకు గాలి తొడుగు తప్పనిసరి, తీరంలో గాలి అన్నిటినీ మింగేస్తుంది. పనిలో ఉన్నవారు తమలో తాము మాట్లాడుకునే మాటలు వినబడితే ఉండనివ్వండి, వాటికి సబ్‌టైటిల్స్ మాత్రం వేయవద్దు. తెలుగువారికి అర్థమవుతాయి, ఇతరులకు అవి కూడా ఆ పనిలోని ఒక చప్పుడుగానే అందుతాయి.

వ్యాఖ్యానం లేకపోతే డాక్యుమెంటరీయే కాదన్న భావన మనలో ఎలా నాటుకుందో కూడా ఒక మాట చెప్పాలి. 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు. ఆ గొంతుతోనే కొన్ని తరాలు డాక్యుమెంటరీని గుర్తుపెట్టుకున్నాయి. అదే సంస్థలో 1960లలో వ్యాఖ్యానాన్ని పూర్తిగా తీసేసిన ప్రయోగాలు కూడా జరిగాయి, వాటిని నేటికీ సినిమా విద్యార్థులు చూస్తున్నారు. కనుక మీరు చేయబోయేది మన దేశంలో పునాది లేని పనేమీ కాదు.


మెట్టపొలం (కొండపి ప్రాంతం, ప్రకాశం జిల్లా) సమాధానం

కూర్పరి గారు పని వరుస గురించి రాసినదంతా నాకు నచ్చింది, అయితే దానికి ఒక పెద్ద అభ్యంతరం కూడా చెప్పక తప్పదు. మాది పొగాకు పండించే కుటుంబం. పని ఎంత వివరంగా చూపించినా, ఆ పనికి వచ్చిన ధర, దాని కోసం చేసిన అప్పు దృశ్యంలో పడకపోతే ఆ సినిమా రైతు జీవనంలో సగాన్ని వదిలేసినట్టే. నుదుటి చెమట, అలసిన చేతులు, సాయంత్రపు ఎండలో ముడతల ముఖం, ఇవి చూసి ప్రేక్షకుడు జాలిపడి వెళ్లిపోతాడు. ఆ రైతు ఈ ఏడాది నిలిచాడా, మునిగాడా అన్నది మాత్రం అతనికి తెలియదు. మాట లేని సినిమాల మీద నాకున్న అసలు అసంతృప్తి ఇదే.

అయినా ఇది దృశ్యానికి అసాధ్యమని నేను అనను, ఎక్కడ చూడాలో తెలియాలి అంతే. మా పనిలో అంకెలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. బ్యారన్ సంగతే చూడండి. పచ్చాకు కోసుకొచ్చి కర్రలకు అల్లి, ఆ కర్రలను బ్యారన్ లోపల అంతస్తులు అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద పొయ్యిలో కట్టెలు మండుతుంటే గొట్టాల ద్వారా వేడి మాత్రం లోపలికి వెళుతుంది, పొగ బయటికి పోతుంది. ఆకు పసుపు రంగుకు తిరిగేదాకా వేడిని దాదాపు 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె కూడా ఎండే చివరి దశలో 70 డిగ్రీల దగ్గరికి తీసుకువెళతారు. ఇదంతా అయ్యేసరికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో రాత్రిళ్లు కూడా మనిషి లేచి చూసుకోవాలి. వేడి తొందరపడితే ఆకు పసుపు కాకముందే పచ్చగా ఎండిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. రాత్రి పూట టార్చి వెలుగులో థర్మామీటరు అంకె, ఆ అంకె చూసి పొయ్యిలోకి మరో దుంగ తోయడమో, ఉన్నదాన్ని వెనక్కి లాగడమో చేసే చెయ్యి, ఈ రెండూ కలిసి ఒక నిర్ణయాన్ని చూపిస్తాయి. శ్రమను చూపించే సినిమాలు ఎన్నో వచ్చాయి, రైతు ఆలోచిస్తుండగా చూపించేవి తక్కువ.

తర్వాత వేలం కేంద్రం. 1976లో టుబాకో బోర్డు ఏర్పడిన తర్వాత, 1980లలో వేలం పద్ధతి వచ్చింది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, నెల్లూరు వైపు కలిగిరి, డీసీపల్లి కేంద్రాలు మీకు తెలిసే ఉంటాయి. అక్కడ బేళ్లు, అంటే పొగాకు కట్టలు, బారులుగా పేర్చి ఉంటాయి, కొనేవారు వాటి మధ్య నడుస్తూ ఆకు లాగి చూస్తూ పోతారు. ఒక బేలు దగ్గర ఎంతసేపు ఆగుతారో రైతు చూస్తూ ఉంటాడు. ధర పడిన బేలు ముందుకు కదులుతుంది. ఎవరూ ధర పెట్టని బేలును నోబిడ్ అంటారు, దాన్ని మళ్లీ బండికెక్కించుకుని రైతు ఇంటికి తీసుకువెళ్లాలి. మీ కెమెరా ఒకే బేలును ఇంటి దగ్గర తొక్కి కట్టినప్పటి నుంచి అది కేంద్రానికి వెళ్లి తిరిగి ఇంటికి చేరేదాకా అనుసరించిందనుకోండి, ఇక ఒక్క మాట కూడా అక్కరలేదు. ఆ తిరిగి రావడాన్ని దేశంలో ఏ రైతు చూసినా అర్థం చేసుకుంటాడు.

రొయ్యల చెరువుల దగ్గర కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. 2009లో వనామికి అనుమతి వచ్చినప్పటి నుంచి తీరమంతా తిరిగే ఏరేటర్లను (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలను) అందరూ చిత్రీకరిస్తున్నారు, నీరు చిమ్ముతుంటే చూడడానికి బాగుంటుంది కాబట్టి. ధర నిర్ణయమయ్యేది మాత్రం గట్టు మీద కాటా దగ్గర. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. కాటా మీద తూచిన రొయ్యలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే వేళ్లను, ఆ వేళ్ల మీదే చూపు నిలిపిన రైతును ఒకే ఫ్రేములో పట్టుకోండి. తెరపై మీరు అక్షరాలు వేయకండి, మంచిదే, కానీ ఫ్రేములో ముందే ఉన్న అంకెలను మాత్రం వదలవద్దని నా విన్నపం.


స్వర్ణాల (నెల్లూరు) సమాధానం

రొట్టెల పండుగ గురించి మాత్రమే రాస్తాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే ఈ పండుగను ఏటా చూసేవారిలో నేనొకదాన్ని. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు దాన్ని అందుకుంటారు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, తలపై కొంగు కప్పుకుని, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి రొట్టె మారడం చూడడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా అందరూ ఆ నీళ్లలోనే ఉంటారు.

అయితే మీ నియమాలతో దీన్ని తీస్తే అసలు విషయం జారిపోతుందని నా భయం. ఒక తల్లి సంతాన రొట్టె కోసం వెతుకుతుంది, పక్కనే ఒక యువకుడు విద్యా రొట్టె కోసం, మరొకరు ఆరోగ్య రొట్టె కోసం, ఇంకొకరు వివాహ రొట్టె కోసం తిరుగుతారు. చేతిలో ఉన్నది ఒకేలాంటి రొట్టె. అది ఏ రొట్టె అన్నది మాటతోనే తెలుస్తుంది, అక్కడ ఎవరిని ఎవరు పలకరించినా ముందు అదే అడుగుతారు. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో తెలిపే బోర్డులు చెరువులో కనిపిస్తాయి కనుక మెట్టపొలం గారు చెప్పినట్టు ఫ్రేములో ఉన్న అక్షరం మీద ఆధారపడవచ్చు, కానీ అది తెలుగు చదవగలిగినవారికే అందుతుంది. కోరికలే ఆ పండుగకు ప్రాణం, వాటిని వదిలేసి నీళ్లు, రొట్టెలు, జనసందోహం చూపిస్తే బయటివారికి అదొక వింతగా మిగిలిపోతుంది. ఈ పండుగను ఈ సినిమాలో పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. మనుషుల మాటలకు చోటున్న మరో సినిమాగా దాన్ని విడిగా తీయండి, అప్పుడు నేను కూడా సహకరిస్తాను.


దొరువుగట్టు (సూళ్లూరుపేట) సమాధానం

పులికాట్ వైపు వస్తే ముందుగా అనుమతుల సంగతి చూసుకోండి. శ్రీహరికోట పక్కనే ఉంది కనుక ఈ ప్రాంతంలో డ్రోన్ ఎగరవేయడం కుదరదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో కెమెరాలతో చిత్రీకరణకు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఇంకొక మాట, ఫ్లెమింగోలను అందరూ తీస్తారు. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ఇసుక మేటలు వేసి సముద్రపు ముఖద్వారాలు పూడుకుపోవడం వల్ల సరస్సులోకి నీరు, చేపలు రావడం తగ్గి జాలర్లు పడుతున్న ఇబ్బంది గురించి తీసేవారు తక్కువ. అయితే లేకపోవడాన్ని మాట లేకుండా చూపించడం చాలా కష్టమైన పని. అదే చోట నీరున్న కాలంలోనూ, నెర్రెలు విచ్చిన కాలంలోనూ కెమెరా ఒకే స్థానంలో పెట్టి తీయగలిగితేనే దీన్ని చేపట్టండి. జిల్లాల గీత గురించి మాత్రం ఆందోళన పడవద్దు. తెరపై అక్షరాలే వేయని సినిమాకు జిల్లా పేరుతో పని లేదు.


పెన్నాతీరం (నెల్లూరు) సమాధానం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను మిత్రులతో కలిసి చదివి, ఎడతెగని చర్చ తర్వాత, ఇసకపల్లి ఉప్పు కొఠార్లకే ఈ సినిమాను పరిమితం చేయాలని నిశ్చయించుకున్నాము. పులికాట్, రొట్టెల పండుగ ఈ సినిమాలో ఉండవు. పొగాకు బేలు తిరిగి ఇంటికి రావడం గురించి మెట్టపొలం గారు రాసినది మమ్మల్ని ఎంతగానో కదిలించింది. దాన్ని ఒక సన్నివేశంగా ఇందులో ఇరికించడం ఆ విషయానికే అన్యాయం కనుక, ఆయన అంగీకరిస్తే అది రెండో సినిమా అవుతుంది.

ధరను దృశ్యంలో ఎలా పట్టాలన్న ప్రశ్న మాత్రం ఉప్పుకు కూడా వర్తిస్తుంది. నీటి చిక్కదనాన్ని కొలిచే బామే మీటరు మాకు ఒక ఆధారంగా కనిపిస్తోంది. సముద్రపు నీరు ఆ కొలతలో దాదాపు 3 డిగ్రీలు ఉంటుంది, ఉప్పు గడ్డకట్టడం దాదాపు 25 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. గాజు గొట్టంలో ఆ అంకె పెరుగుతూ పోవడం సినిమా మొత్తానికి ఒక వరుసనిస్తుందని అనుకుంటున్నాము. ఆ తర్వాత బస్తా తూకం, లారీకెక్కించడం ఉంటాయి. అమ్ముడుపోని ఉప్పు గట్ల మీద కుప్పలుగా, తాటాకులు కప్పి మిగిలిపోవడం కూడా ఉంటుంది. నోబిడ్ బేలు చేసే పనిని ఇక్కడ ఆ కుప్ప చేయగలదా అన్నది కూర్పరి గారు చెప్పాలి. అలాగే, పనిచేసేవారి ముఖాలను ఇంత దగ్గరగా చూపిస్తూ వారికి ఒక్క మాట మాట్లాడే అవకాశం కూడా ఇవ్వకపోవడం న్యాయమేనా అన్న బాధ మా బృందంలో ఒకరిని వదలడం లేదు.


కూర్పరి సమాధానం

కుప్ప ఆ పని చేయగలదు, కానీ ఒక్కసారి చూపిస్తే చేయలేదు. కప్పుతున్న రోజున ఒకసారి, తాటాకులు ఎండి రంగు మారిన తర్వాత మరోసారి, వానలో ఇంకోసారి అదే కుప్పను అదే చోటి నుంచి తీయండి. మధ్యలో పక్క కుప్పలు లారీలకెక్కి వెళ్లిపోవాలి. అప్పుడు మిగిలింది అమ్ముడుపోనిదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మెట్టపొలం గారి అభ్యంతరానికి ఇంతకంటే సూటిగా జవాబిచ్చే మార్గం నాకు తోచలేదు.

ముఖాల విషయంలో మీ మిత్రుని బాధ సరైనదే. కెమెరా తీయకముందే కొన్నాళ్లు ఊరికే వెళ్లి కూర్చోండి, ఏమి తీయబోతున్నారో, ఎందుకు మాటలు పెట్టడం లేదో అందరికీ చెప్పండి, ఇష్టం లేనివారిని దూరం నుంచి కూడా తీయవద్దు. కూర్పు పూర్తయ్యాక, ఏ ఉత్సవానికీ పంపకముందు, ఇసకపల్లిలోనే ఒక సాయంత్రం తెర కట్టి వారికి చూపించండి. పని వరుసలో ఎక్కడైనా తప్పు జరిగితే వాళ్లే చెబుతారు, వద్దన్న షాటును మారుమాట లేకుండా తీసేయండి. ముంబయి, తిరువనంతపురం డాక్యుమెంటరీ ఉత్సవాలకు పంపే ఆలోచన ఉంటే గడువులను అందుకు తగ్గట్టు ముందే చూసుకోండి.

ఇక కాలం సంగతి. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ, అవి తెరిపిచ్చాకే మడులు బాగుచేసే పని మొదలవుతుంది. ఆ తొక్కుడు తప్పిపోతే ఈ సినిమాకు మొదటి ప్రశ్నే ఉండదు, మళ్లీ ఏడాది ఆగవలసి వస్తుంది. కాబట్టి డిసెంబరులోపు ఉప్పు రైతులతో మాట్లాడి పెట్టుకుని, నీరు పెట్టకముందే కెమెరాతో అక్కడ ఉండండి. తొలి విడత చిత్రీకరణ అయ్యాక కొన్ని షాట్లు కత్తిరించకుండా ఇక్కడ పెట్టండి, ఏ జతలు కుదురుతాయో చూసి రాస్తాను.